చెలకలో ఒంటి జమ్మి

గ్రంథాలయ రజతోత్సవ సభలలో పుస్తకములను గూర్చియు, పుస్తకములను కూర్చిన మహనీయులను గూర్చియు ప్రసంగించుట ఆచారము. ఈ ప్రసంగమునకు విషయము ఒక చెట్టు. అదియు ఘనమైన చెట్టు కాదు. నీడకు మఱ్ఱితో సరిరాదు. కలపకు టేకుతో సరిరాదు. పండ్లకు మామిడితో అసలే సరిరాదు. ఏడాదిలో 364 దినములు దానివంక తలయెత్తి చూచువారు అరుదు. మిగిలిన ఒక్క దినమున ఊరు ఊరంతయు దానిచుట్టు చేరును. ఆ యొక్క దినమువలననే అది ఇంతకాలము నిలిచినది. ఆ యొక్క దినమువలననే అది నేడు నశించుచున్నది. ఆ చెట్టు జమ్మి.

నకిరేకల్లునుండి సూర్యాపేటకు పోవు రహదారిపై కేతేపల్లి వచ్చును. పూర్వము దానిని 9వ నంబరు జాతీయ రహదారి యనెడివారు; ఇప్పుడది 65వ నంబరు రహదారి. ఆ దారికి ఇరుప్రక్కల చూచువారికి ఈ సీమ స్వరూపము సులభముగ బోధపడును. సోలిపేట వద్ద మూసీనదిపై 1954లో పని ఆరంభమై 1963లో ముగిసిన ప్రాజెక్టు కాలువలక్రింద వరిమళ్లు పచ్చగ నుండును. కాలువ ఎక్కని మెట్టలు మాత్రము వేఱొక లోకము. ఎఱ్ఱని చెలకలు, దుబ్బనేలలు, నడుమ నడుమ పరుపుబండలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు, బోడగుట్టలు. ఒకప్పుడు జొన్నయు సజ్జయు ఆముదమును పండిన ఆ చెలకలలో ఇప్పుడు ప్రత్తి విస్తారముగ వేయుచున్నారు. అట్టి మెట్టపై ఎండవేళ నిలిచి చూచినచో దృష్టికి అడ్డము వచ్చునవి తక్కువ. వరుసలుగ తాళ్లు, వాగు వెంబడి ఈదులు, గట్టుపై నొక వేప, బీటిలో రేగుపొదలు, మోదుగలు. వాటిలో ఎక్కడనో దూరముగ, చుట్టు ఏమియు లేకుండ, గాలికి ఒక ప్రక్కకు ఒరిగినట్లు, బూడిదవన్నె మోడుపై పలుచని పచ్చదనముతో ఒక చెట్టు కానవచ్చును. దగ్గరకు పోయినగాని అది జమ్మి యని నిశ్చయించుట కష్టము.

తాటిచెట్టుకు ఆబ్కారీవారి నంబరుండెడిది. మామిడితోటకు గుత్త పలుకును. వేపకు ఇంటివారి మమత యుండును. జమ్మికి ఇవి యేవియు లేవు. అందుచేత దానిని గుర్తించుట యెట్లో ముందుగ చెప్పుట యుక్తము. పండుగనాడు దాని ఆకును శిరమున దాల్చువారిలో సయితము, పండుగ కాని దినమున దానిని తుమ్మనుండి వేరుపఱచి చూపగలవారు కొద్దిమందియే.

సంస్కృతమున దానిని శమి యందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్రోసోపిస్ సినరేరియా. రెండవ పదమునకు బూడిదవన్నె గలదని అర్థము. పాత వృక్షశాస్త్ర గ్రంథములలో ప్రోసోపిస్ స్పైసిజెరా యను పేరు కనబడును, రెండును ఒకటియే. చిక్కుడు, చింత, తుమ్మ, కానుగ చేరిన కుటుంబమే దానిదియు. బెరడు ముదురు బూడిదరంగున నిలువు పగుళ్లతో నుండును. ఒక్కొక్క ఆకుకాడకు సాధారణముగ రెండు జతల రెమ్మలును, ఒక్కొక్క రెమ్మకు 7 మొదలు 14 జతలవరకు చిఱుటాకులును ఉండును. పూత పసుపు కలిసిన తెల్లని సన్నకంకులుగ వచ్చును. తుమ్మపూవు చిన్న బంతివలె గుండ్రముగ నుండును గాన పూతకాలమున పొరపాటు పడరాదు. కాయ జానెడు పొడవున, సన్నముగ, క్రిందికి వ్రేలాడుచు, లోపల తియ్యని గుజ్జుతో నుండును. మేకలకు అది పరమప్రీతి. అన్నిటికంటె తేలికైన గుర్తు ముల్లు. తుమ్మముళ్లు ఆకుకణుపు వద్ద జంటలుగ, తెల్లగ, సూదులవలె నిలిచియుండును. జమ్మిముల్లు పొట్టిది, అడుగున వెడల్పైనది. కణుపుల నడిమి భాగమున ఇచ్చట నొకటి, అచ్చట నొకటిగ నుండును. కొమ్మను కంటితో చూచుటకంటె వ్రేళ్లతో మెల్లగ తడిమినచో ఈ భేదము శీఘ్రముగ తెలియును. బడిపిల్లలకు ఈ పాఠము చెట్టుక్రిందనే చెప్పవలెను గాని నల్లబల్లపై చెప్పిన లాభము లేదు.

ఈ చెట్టునందు విశేషమంతయు నేలక్రింద నున్నది. విత్తు మొలచిన తొలి సంవత్సరములలో అది పైకి పెరుగుటకంటె క్రిందికి పెరుగుటకే ఎక్కువ శ్రమించును. మొక్క జానెడైనను లేనప్పుడే వేరు దానికి ఎన్నియో రెట్లు దిగియుండును. ముదిరిన చెట్ల వేళ్లు నూరడుగుల లోతువరకు పోయిన నిదర్శనములు కలవు. ఆ కారణముచేతనే ఇతర వృక్షములు ఆకు రాల్చి వడలు కాలమున జమ్మి క్రొత్త చిగురు వేయగలుగుచున్నది. మృగశిర ఇంకను రాకముందు, బావులు అడుగంటినప్పుడు, గొఱ్ఱెలకు గడ్డిపోచ దొరకనప్పుడు, పచ్చగ నుండునది జమ్మియే. పైవేళ్లతో ప్రక్కనున్న పైరు నోటి నీటిని లాగికొనదు. దాని వేళ్లయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చును. రాలిన ఆకు ఎరువగును. రాజస్థానమున ఈ చెట్టును ఖేజ్రీ యందురు. అక్కడి రైతు తన సజ్జచేనిలో ఖేజ్రీని కొట్టివేయడు. దానిక్రింద పైరు తక్కినచోటికంటె బాగుండునని తరతరములుగ ఎఱుగును. జోధపురమున 1959లో వెలసిన కేంద్ర మెట్టప్రాంత పరిశోధనాలయమున శాస్త్రజ్ఞులు ఆ రైతు మాటకు నిదర్శనములు చూపిరి. లేతకాయలను ఆ దేశస్థులు ఎండబెట్టి కూర వండుకొందురు. సాంగ్రీ యను ఆ వంటకము వివాహభోజనములలో సయితము వడ్డింపబడును. తెలంగాణమున జమ్మికాయను వండుకొనిన యిల్లు కనబడదు. ఇక్కడ అది మేకల పాలే.

ఇంకను దూరము పోయినచో, బహ్రెయిను దీవి ఎడారిలో జీవవృక్షమని పేరొందిన ఒంటిచెట్టు ఈ జాతిదే. అది నాలుగువందల ఏండ్లకు పైబడినదని చెప్పుదురు. కనుచూపు మేరలో నీటిచుక్క కానరాని ఇసుకలో అది పచ్చగ నిలిచియుండుట చూచుటకై యాత్రికులు పోవుచుందురు. ఐక్య అరబ్బు ఎమిరేట్లలో దీనిని ఘాఫ్ అందురు; 2008లో దానిని ఆ దేశపు జాతీయ వృక్షముగ ప్రకటించిరి. కూలికై గల్ఫుదేశములకు పోయిన తెలంగాణ యువకులెందఱో ఆ ఘాఫ్ నీడన మధ్యాహ్నపు సద్ది తినియుందురు. అది తమ ఊరి జమ్మియే యని వారికి చెప్పినవారు లేకపోవచ్చును.

ఇంత దృఢమైన చెట్టు చెలకలలో ఒంటిగ నేల యుండవలెను? ఒంటరితనము జమ్మికి స్వభావమని కొందఱి తలంపు. అది పొరపాటు. జమ్మి విత్తులవలన మొలచును. వేళ్లనుండి పిలకలు కూడ వేయును. అడ్డులేనిచోట అది గుంపుగనే పెరుగును. ఈ సీమలో నేడు కనబడు ఒంటిజమ్మి, తక్కినవన్నియు నఱకబడిన పిమ్మట మిగిలినది. చెలక చేసిన రైతు వంటచెఱకునకు కొన్ని కొట్టెను, కంచెకు కొన్ని కొట్టెను, నాగలిసాలునకు అడ్డమని కొన్ని పెకలించెను. జమ్మికట్టె బాగుగ మండును; బొగ్గు గట్టిగ నుండును; అందుచేత కొలుములకు కొంత పోయినది. చివరకొకటి మిగిలినది. అది గట్టుపై నుండుటచేతనో, పొలిమేర గుర్తుగ పనికివచ్చుటచేతనో, దసరాకు ఒకటి కావలెనను భయముచేతనో దానిపై గొడ్డలి పడలేదు. ఎడ్లనాగలి కాలమున దాని చుట్టు నాలుగు మూరల నేల దున్నకుండ విడిచెడివారు. ఆ విడిచిన నేలలో పిలకలు లేచెడివి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట మొదలువఱకు దున్నుట సులభమైనది. పైవేళ్లు తెగుచున్నవి, పిలకలు మట్టిలో కలియుచున్నవి. బంచరాయి భూములు, పశువుల మేతబీళ్లు పట్టాలుగ మారినవి. ఊరికి దగ్గరివి ఇండ్లస్థలములైనవి. రహదారి 2012 నాటికి నాలుగు వరుసలైనది. పిల్ల లేని తల్లివలె పెద్దచెట్టు నిలిచినది. దానికి వయసున్నది గాని వారసులు లేరు.

మహబూబ్‌నగరమున పిల్లలమఱ్ఱి కలదు. ఏడువందల ఏండ్లదని ప్రతీతి. అది ఒక చెట్టయ్యు ఒంటి చెట్టు కాదు. ఊడలు దింపి ఊడలనే కాండములుగ చేసికొని ఎకరములకొలది నేల నాక్రమించి తనకు తానే తోపైనది. 2017 చివర దాని పెద్దకొమ్మ యొకటి విఱిగిపడగా సందర్శకులను నిలిపివేసి, చెదలు పట్టిన మానునకు రోగికి ఎక్కించునట్లు సీసాలద్వారా మందు చుక్కచుక్కగ ఎక్కించిరి. దేశమంతయు ఆ వార్త చదివినది. మఱ్ఱికి రోగము వచ్చిన వార్త యగును. చెలకలో జమ్మి ఎండిన ఆ చెలక రైతునకుగూడ రెండు ఋతువులు గడచినగాని తెలియదు.

పూర్వులు ఈ చెట్టును కాపాడుటకు పన్నిన ఉపాయమొకటి విరాటపర్వమున కలదు. నన్నయభట్టు విడిచిన అరణ్యపర్వశేషమును ముట్టక, తిక్కన సోమయాజి 13వ శతాబ్దిలో తన భారతరచనను ఆ పర్వముతోనే ఆరంభించెను గనుక తెలుగువారికి దానియందు మక్కువ హెచ్చు. వానలకై ఊళ్లలో విరాటపర్వము చదివించు ఆచారము నిన్నమొన్నటివఱకు నుండెను. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు, విరాటుని నగరము వెలుపల, శ్మశానము చెంత నున్న గొప్ప శమీవృక్షముపై ఆయుధములను కట్టిరి. అంతటితో నూఱడక ఒక శవమును గూడ ఆ కొమ్మకు వ్రేలగట్టిరి. దారిన పోవు పసులకాపరులకు, అది నూటయెనుబది ఏండ్ల తమ తల్లి కళేబరమనియు, అట్లు చేయుట తమ కులాచారమనియు చెప్పిరి. ఏడాదిపాటు ఆ చెట్టుదగ్గరకు ఎవడును పోలేదు. ఉత్తరగోగ్రహణమున బృహన్నల చెట్టెక్కుమన్నప్పుడు రాకుమారుడైన ఉత్తరుడు సయితము శవమును చూచి జంకెను. ఈ కథను వినువారు గాండీవమును తలతురు, అర్జునుని పది పేర్లను తలతురు, చెట్టును మఱతురు. కాని చెట్టు పక్షమున చూచినచో కథ యొక్క అర్థము వేఱు. ఊరి వెలుపల, కావలి లేని ఒంటిచెట్టును కాపాడవలె నన్నచో దానికొక భయము కట్టవలెను. పాండవులు కట్టినది శవము. పల్లెలు కట్టినది మైసమ్మ, పోచమ్మ, గ్రామదేవత. మొదట రాయి నిలిపి, రాతికి పసుపు పూసి, కొమ్మకు ఎఱ్ఱగుడ్డ చుట్టిన చెట్టును కట్టెలకై కొట్టినవాడు లేడు. ఇది మూఢవిశ్వాసమని నవ్వుట సులభము. ఆ రాయిలేని చెట్లు ఏమైనవో లెక్కించుట అంత సులభము కాదు.

ఇట్టి భయము తెలుగునేలకే పరిమితమైనది కాదు. ఐర్లండు దేశమున చెట్లులేని మిట్టలపై, గాలికి వంగిన చిన్న ముండ్లచెట్టు ఒంటిగ నిలిచియుండుట సర్వసామాన్యము. దానిని హాథార్న్ అందురు. మే నెలలో తెల్లగ పూచును. శరత్తున ఎఱ్ఱని చిన్నకాయలు కాయును. కులమునకు జమ్మితో చుట్టరికము లేదు, గులాబీ కుటుంబమునకు చెందినది. కాని స్థితిలో అచ్చముగ జమ్మికి అప్పచెల్లెలు. ఒంటిగ నున్న ఆ చెట్టు యక్షిణులవంటి అదృశ్యజనులదని, దానిని కొట్టినవానికి కీడు మూడునని అక్కడి పల్లెవాసుల నమ్మకము. క్లేర్ మండలమున లాటూన్ అనుచోట క్రొత్త రహదారి వేయుచుండగా అట్టి చెట్టొకటి అడ్డు వచ్చెను. 1999లో ఎడ్డీ లెనిహాన్ అను కథకుడు దానిని కొట్టరాదని పత్రికలకెక్కి ఆందోళన చేసెను. అతడు ఇంజనీరు కాడు, అధికారి కాడు. ముసలివారినుండి కథలు సేకరించి ఊరూర చెప్పువాడు. ప్రభుత్వము చెట్టును నిలిపి దాని ప్రక్కనుండి బాట వేసినది. 2002లో ఎవడో దుర్మార్గుడు రాత్రివేళ రంపముతో దాని కొమ్మలన్నియు కోసివేసెను. మోడుగ మిగిలిన ఆ చెట్టు మరల చిగిర్చినది. కోట్ల ధనముతో సాగు రహదారికంటె ఒక కథ బలవత్తరమైన ఉదాహరణము ఇది. గ్రంథాలయమున కూర్చుండు వారికి ఇది కొంత ధైర్యము కలిగింపవచ్చును.

కథతో గాక ప్రాణముతో కాపాడినవారును కలరు. 1730లో మార్వాడదేశమున జోధపురపు రాజు అభయసింహుని భటులు సున్నపుబట్టీలకు కట్టె కావలెనని ఖేజడ్లీ గ్రామమునకు వచ్చిరి. అమృతాదేవి యను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని నిలిచి గొడ్డలికి తల ఒగ్గెను. ఆమె కూతుండ్రును, పిమ్మట చుట్టుప్రక్కల గ్రామములవారును అట్లే చేసిరి. 363 మంది చనిపోయిన తరువాత రాజు నఱకుట మానిపించెను. వారు ప్రాణములొడ్డినది ఈ జమ్మిచెట్లకే.

తెలంగాణమున అట్టి గొడ్డలి రాలేదు. వచ్చినది పండుగ.

ఆశ్వయుజ శుద్ధ దశమినాడు సాయంవేళ డప్పులతో, జెండాలతో గ్రామజనులు పొలిమేర దాటి పోవుదురు. దారిలో పాలపిట్ట కనబడిన శుభము. జమ్మిచెట్టుకు పూజచేసి, శమీస్తుతి వ్రాసిన చీటీలను కొమ్మలకు కట్టుదురు. తరువాత ఆకు త్రుంచికొని బంగారమని పేరుపెట్టి, పెద్దల చేతులలో నుంచి పాదములకు నమస్కరింతురు. పెద్దలు దీవింతురు, ఈడువారు కౌగిలించుకొందురు. ఏడాదిగ మాటలు లేని అన్నదమ్ములు సయితము ఆ సాయంత్రము జమ్మియాకు నెపమున పలుకరించుకొందురు. కౌత్సునికై రఘుమహారాజు కుబేరునినుండి రాబట్టిన పదునాలుగు కోట్ల సువర్ణము జమ్మిచెట్టుపైననే కురిసినదని ముసలివారు కథ చెప్పుదురు. కాళిదాసు రఘువంశమున ఆ సువర్ణవృష్టి కలదు గాని అందు జమ్మిప్రసక్తి లేదు. దానిని చేర్చినది జనులే. మంచి చేర్పే చేసిరి. బంగారము లేనివానికి బంగారమిచ్చు పండుగ ఇంకొకటి లేదు.

ఈ ఆచారము మంచిదే. దీనిని తప్పుపట్టువాడు పల్లె నెఱుగనివాడు. కాని ఆచారము ఏర్పడిననాడు ఊరికి జమ్మిచెట్లు ఎన్ని, జనులెందఱు? నేడు చెట్లు ఎన్ని, జనులెందఱు? ఇంటికొక పిడికెడు ఆకైనను ఊరంతటికి ఒక చెట్టు ఇయ్యజాలదు. త్రుంచుటకు మారుగ విఱుచుట వచ్చినది. విఱుచుటకు మారుగ కత్తి వచ్చినది. పలుచోట్ల పొలిమేరకు పోవు శ్రమగూడ మాని, ఉదయమే కొమ్మలు కొట్టి ట్రాక్టరుపై తెచ్చి, గుడిముందో బడి ఆవరణమందో నేలలో పాతి, సాయంకాలము దానికే పూజ జరుపుచున్నారు. పట్టణములకుగూడ మోపులు పోవుచున్నవి. తెల్లవారునప్పటికి పాతిన కొమ్మ ఎండియుండును. చెలకలో చెట్టు బోడియై యుండును.

కొమ్మ మరల చిగిర్చును గదా, నష్టమేమి యని అడుగవచ్చును. చిగిర్చుట నిజమే. రాజస్థానపు రైతులు మేతకై ఏటేట ఖేజ్రీ కొమ్మలు నఱకుదురు. చెట్టు బ్రతికియే యుండును. అయితే వారెఱిగిన రహస్య మింకొకటి కలదు. ప్రతి యేట పూర్తిగ కొట్టివేయబడు చెట్టు పూయదు, కాయదు. శీతకాలమునకు ముందు కొమ్మ పోయినచో తరువాతి వేసవిలో అది తన బలమంతయు ఆకు వేయుటకే వెచ్చించును, కంకి వేయదు. జమ్మికి దసరా సరిగ్గ ఆ సమయముననే వచ్చుచున్నది. అనగా పండుగనాడు బోడియైన జమ్మి మరుసటి ఏడు కాయదు, మరల పండుగ, మరల కాయదు. ఇరువది ఏండ్లు ఇట్లు గడచిన చెట్టునుండి ఒక్క విత్తైనను నేల రాలియుండదు. వేళ్ల పిలకలను ట్రాక్టరు తీసివేయును. ఊరు ఆ చెట్టును చంపుటలేదు. దాని సంతానమును చంపుచున్నది. ఇటీవలి దశాబ్దములలో రాజస్థానముననే పెద్ద ఖేజ్రీలు ఎండిపోవుచుండగా శాస్త్రజ్ఞులు పరీక్షించి కారణములు చెప్పిరి: వేరు తొలుచు పురుగు, గానోడెర్మా యను బూజు, అతిగ నఱకుట, ట్రాక్టరువలన వేళ్లకు గాయములు, భూగర్భజలము క్రుంగుట. ప్రాణములిచ్చి చెట్టును కాపాడిన దేశముననే ఇట్లున్నది. బోరుబావులు ఏటేట లోతునకు పోవు ఈ నల్లగొండ సీమ చెలకలలో ఆ కారణములలో లేనిది ఏది?

జమ్మికి దాయాది యొకటి ఈలోపల చోటంతయు ఆక్రమించినది. అది సర్కారు తుమ్మ. జమైకా దీవినుండి తెప్పించిన విత్తనములను 1877లో కడప మండలమున కమలాపురము వద్ద అటవీశాఖవారు నాటించిరి. వంటచెఱకు కొఱత తీరునని వారి ఉద్దేశ్యము. అది తీరినమాట నిజము. కాని అది చెఱువు కట్టలు, బీళ్లు, దారులు, వాగులు అన్నిటిని ఆక్రమించినది. పశువులు కాయ తిని పోయిన చోటెల్ల మొలచును. దాని ఆకును మేక ముట్టదు. క్రింద గడ్డి మొలవనీయదు. చాలకాలము శాస్త్రజ్ఞులు దానిని జమ్మితోపాటు ప్రోసోపిస్ లోనే చేర్చియుండిరి. 2022లో ఆ గణమును విడదీసి అమెరికా జాతులకు నెల్ట్యూమా అను వేఱు పేరు నిచ్చిరి. ప్రోసోపిస్ అను పాతపేరు జమ్మికి దక్కినది. పేరు దక్కినది గాని నేల దక్కలేదు.

తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడినంతనే జమ్మిని రాష్ట్రవృక్షముగను, పాలపిట్టను రాష్ట్రపక్షిగను ప్రకటించిరి. రెండును కలిసి పేర్కొనబడుట బాగున్నది. పాలపిట్ట వేటకు ఒంటిచెట్టు కావలెను. ఎత్తైన కొమ్మపై కదలక కూర్చుండి, బయలులో మిడుతనో బొద్దింకనో చూచి దూకి పట్టుకొని మరల కొమ్మకే వచ్చును. చెట్టు లేనిచో కరెంటు తీగపై కూర్చుండును. పండుగనాడు దానిని పంజరమున పెట్టి ఇంటింట చూపి డబ్బులు పుచ్చుకొనువారు కలరు. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము అది నేరము. పుణ్యమునకై పాలపిట్టను చూచువారు, దాని రెక్కలు కట్టినవానికి డబ్బు ఇయ్యకుండుట మేలు. చెట్ల విషయమున 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కలదు. 2021లో ఊరూర గుడిగుడికి జమ్మి నాటు కార్యక్రమమును నడిచినది. నాటిన మొక్కలలో దక్కినవెన్ని యనునది ఆయా ఊళ్లవారు తమ గుడి ఆవరణములోనికి పోయి చూచికొనవలసిన విషయము. జమ్మి సిమెంటు గచ్చు నడుమ కుండీయంత చోటున బ్రతుకు మొక్క కాదు. దానికి వేరు దిగుటకు లోతు కావలెను, తలకు ఎండ కావలెను.

పెంచుట యెట్లనగా, అది కష్టమేమియు కాదు. ఓపిక మాత్రము కావలెను. మొదట ఊరిలో ఇంకను మిగిలియున్న పెద్ద జమ్మి యేదో కనుగొనవలెను. దానిని ఒక దసరాకు విడిచిపెట్టవలెను. ఇదియే అన్నిటికంటె కఠినమైన పని. ఊరి పెద్దలు కూడి మాట యిచ్చినగాని జరుగదు. ఒక్క కొమ్మ మాత్రము పూజకు ఉంచి, దాని ఆకునే రెమ్మకొకటిగ పంచుకొనినచో ఆచారమునకు లోపము రాదు; బంగారము తులములలో పంచుకొనుట లోకమున ఉన్నదే. అట్లు విడిచిన చెట్టు వేసవిలో కంకి వేయును. కాయలు పండి రాలునప్పుడు మేకలకంటె ముందు పోయి ఏరవలెను. పురుగు తొలిచిన గింజలను తీసివేసి, మంచివాటిపై వేడినీళ్లు పోసి రాత్రియంతయు నాననీయవలెను. పొట్టి సంచులలో వేసినచో వేరు అడుగున చుట్టుకొని మొక్క చెడిపోవును. మూరెడు పొడవుగల సంచులలో ఇసుక కలిసిన మట్టి నింపి, సంచికి రెండు గింజలుంచవలెను. వారము పదిదినములలో మొలక వచ్చును. వానలు నిలదొక్కుకొనిన పిమ్మట గట్టుపై లోతైన గుంత తీసి నాటి, చుట్టు రేగుకంప పాతవలెను. కంపను ఏటేట మార్చవలెను. మేకకు ఒక్క పూట చాలును.

గ్రంథాలయమున చందాదారుల చిట్టా కలదు, పుస్తకముల చిట్టా కలదు. మూడవ చిట్టా యొకటి తెఱచుట కష్టము కాదు: ఊరి పొలిమేరలో జమ్మిచెట్లు ఎక్కడెక్కడ నున్నవి, ఏ చెలక గట్టుపై, మొదలు చుట్టుకొలత ఎంత, ఏ యేడు కాచినది, ఏ యేడు కొట్టబడినది. పిల్లలు టేపు పట్టుకొని ఒక ఆదివారమున వ్రాయగలరు. ఆ చిట్టాలో క్రొత్తగ నాటిన మొక్కలకును ఒక్కొక్క పంక్తి ఉండవలెను. ఆ పంక్తులకు తొందర పడరాదు. నాటిన మూడవ యేట దసరా వచ్చునప్పటికి మొక్క నడుమెత్తు మించియుండకపోవచ్చును; ఆకులు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే యుండవచ్చును. ఆ యేటి బంగారమునకు దానిని ముట్టరాదు.